మెత్తని బరువు

సమ్మవ్వ ఏ వస్తువునైనా బొటనవేలితో ఒకసారి నొక్కి చూస్తుంది. వంకాయను, సబ్బును, కొత్త చెప్పు అడుగును. ముప్పై ఏళ్లుగా కోరుట్లలో బీడీలు చుడుతున్న వేలు అది. లోపల తంబాకు నిండుగా ఉంటే బీడీ గట్టిగా ఉంటుంది. తక్కువైతే వేలు దిగుతుంది. వేలు దిగిన బీడీని కార్ఖానాలో తీసి పారేస్తారు. గట్టిదే మంచిది. ఇందులో ఆమెకు ఎప్పుడూ సందేహం రాలేదు.

భర్త జలపతి సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. రెండేళ్ల కింద నూలు చుట్టిన ఇనుప భీము మోస్తూ మెట్ల మీద జారిపడ్డాడు. నడుము కింద స్పర్శ పోయింది. సాంచాల చప్పుడులో ఇరవై ఏళ్లు అరిచి మాట్లాడిన మనిషి, ఇప్పుడు మంచంలో పడుకుని కూడా అరిచే మాట్లాడతాడు.

ఎండాకాలంలో అతని తుంటి మీద చర్మం ఎర్రబడింది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పమని, ఎముక మీద ఒత్తిడి పడని పరుపు వేయమని డాక్టర్ చెప్పాడు. వీధిలోకి బండి మీద ఫోమ్ ముక్కలు వచ్చాయి. సమ్మవ్వ అన్నీ నొక్కి, వేలు దిగనిది ఏరి తెచ్చి చెక్క మంచం మీద పరిచింది. మూడు నెలలకు అది నడుము కింద గుంటపడింది. ఆ గుంటలో చేయి పెడితే చెక్క తగిలింది. తుంటి మీద రూపాయి బిళ్లంత పుండు విచ్చింది. అది ఎముక దాకా పోతే తన చేతిలో లేదని డాక్టర్ అన్నాడు.

అప్పుడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. జగిత్యాలలో ప్రభుదాస్ అనే ఆయనకు పరుపుల దుకాణం ఉందని పొరుగింటి సత్యవ్వ చెప్పింది.

"బస్సులు బందున్నయి. ఎట్ల పోతవే?" జలపతి అరిచాడు.

"నడిచన్న పోత."

"నేనేం సస్తలేను గదనే."

"నిన్ను గంత జల్ది ఇడిసిపెడ్తనా?"

పాత ఫోమ్ మూల నుంచి, గుంటపడని చోట, ఒక ముక్క కోసి సంచిలో వేసుకుంది. జలపతిని తిప్పే వేళలు సత్యవ్వకు రెండుసార్లు చెప్పింది. ఆటో దొరికింది.

సమ్మె రోజులని ప్రభుదాస్ షట్టర్ సగమే ఎత్తాడు. ఆమె వంగి లోపలికి వెళ్లింది. బల్ల మీద జానెడు నలుచదరం ముక్కలున్నాయి, అన్నీ రెండంగుళాల మందం. ఒక్కోదాని మీద ఒక అంకె. ఆమె వరుసగా నొక్కుతూ పోయి, ఒకచోట ఆగింది.

"గిది గట్టిగున్నది. గిదే కోసియ్యి తమ్మీ."

"అక్కా, గట్టితనం ఏరు, డెన్సిటీ ఏరు."

"గట్లంటె ఏంది?"

"లోపల సరుకెంతున్నదని."

"బీడీల గుడ సరుకుంటెనే గదా గట్టిగుండేది?"

"గిది బీడీ కాదక్కా." ప్రభుదాస్ నవ్వాడు. "గీ మెమరీ ఫోమ్ సూడు. మెత్తగుంటది. గని దీంట్ల గుడ యాభై డెన్సిటీ ఉన్నది. గా గట్టిదాని మీద గుడ యాభయ్యే రాసున్నది. రెండు ఒక్కటే. నీ ఇష్టం."

సమ్మవ్వ రెండు ముక్కలనూ చెరో అరచేతిలో పెట్టుకుంది. ప్రతి వారం కార్ఖానా నుంచి తంబాకు తూకం చూసి తెచ్చుకునే చేతులవి. కళ్లు మూసుకుంది.

"ఒక్కటి కాదు. గట్టిది తేల్కున్నది."

"కంపెనీ రాసిన అంకె అక్కా."

"రాసినోడు మోసిండా? తరాజు ఏది?"

పరుపుల దుకాణంలో తరాజు ఎందుకుంటుంది. పక్క కిరాణా కొట్టుకు వెళ్లారు. మెత్తటి ముక్క నూట ఇరవై గ్రాములు తూగింది. గట్టిది డెబ్బై. సమ్మవ్వ సంచిలోంచి పాత ముక్క తీసి, దాన్నీ అదే కొలతకు కోయించింది. డెబ్బైకి రెండు గ్రాములు తక్కువ. ఆ ముక్కను వేలితో నొక్కింది. ఇప్పటికీ గట్టిగానే ఉంది.

"గిదే నా మొగని కింద గుంటవడ్డది," అంది.

ప్రభుదాస్ జేబులోంచి పెన్ను తీసి గట్టి ముక్క మీది యాభైని కొట్టేశాడు. "నన్ను గుడ ముంచిండ్రక్కా."

ఆమె మెత్తటి ముక్కను నొక్కింది. వేలు మొదలు దాకా దిగింది. వేలు తీశాక గుర్తు అలాగే ఉంది. తర్వాత నెమ్మదిగా పూడింది. బీడీ అయితే ఎప్పుడో విసిరేసేది. ముక్కను మళ్లీ అరచేతిలోకి తీసుకుని బరువు చూసింది.

"బరువుదే కొయ్యి. మంచమంత."

తిరుగుదారిలో మేడిపల్లి దగ్గర ఆటో ఆగింది. సమ్మె చేస్తున్న జనం రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వండుతున్నారు. సమ్మవ్వ చుట్టిన ఫోమ్‌ను ఒళ్లో పెట్టుకుని చెట్టు నీడన కూర్చుంది. అన్నం విస్తరి తెచ్చిన ఆనందం అనే పెద్దమనిషి ఫోమ్ చుట్ట వైపు చూశాడు.

"అవ్వా, గది పరువరాదా? మోకాళ్లు గుంజుతున్నయి. జర కూసుంట."

"ముందు నా మొగడు పండాలె. తెలంగాణ అచ్చినంక నువ్వు కూసో."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆనందం కూడా నవ్వి, పొయ్యి పక్కనున్న వాళ్లను లేపి ఆటోకు దారి ఇప్పించాడు.

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. సత్యవ్వ ఒక పక్క పట్టుకుంటే కొత్త ఫోమ్‌ను జలపతి కింద పరిచింది. అతను చేత్తో తడిమి చూశాడు.

"ఏందే, గింత మెత్తది తెచ్చినవ్! నొక్కి సూడలేదా?"

"నొక్కిన. గని తూకమేసి తెచ్చిన."

మరునాడు పొద్దున్నే ఆమె జలపతిని పక్కకు తిప్పింది. తుంటి ఉన్న చోట పల్లం పడి ఉంది. బొటనవేలు దానివైపు వెళ్లి, ఆగింది. వేళ్లన్నీ చాపి అరచేయి ఆ పల్లంలో పెట్టింది. చెక్క తగలలేదు. ఫోమ్ చేతిని మెల్లగా పైకి ఎత్తింది. పుండు మీది గుడ్డ విప్పి చూసింది. ఆరలేదు, పెరగనూ లేదు. కడిగి, కొత్త గుడ్డ వేసింది. తర్వాత పాత ఫోమ్‌ను వాకిట్లోకి ఈడ్చి, గుంట లేని మూలను పీటంత కోసుకుని, దాని మీద కూర్చుని, బీడీలు చుట్టే తునికాకు చాట ఒళ్లోకి లాక్కుంది.