ఏడు ఒకట్లు

కొత్తగా కట్టిన గదిలో మేస్త్రీ తాపీ పిడితో టైల్స్ ఒక్కొక్కటీ కొట్టి చూస్తున్నాడు. కింద సిమెంటు నిండని చోట శబ్దం బోలుగా వస్తుంది. ఆ టక్ టక్ వినగానే నాకు సుగుణ టీచర్ గుర్తొచ్చారు. లెక్కల టీచర్‌కూ టైల్స్‌కూ ఏం సంబంధమని మావారు నవ్వారు. చెప్పబోతే నాకే సరిగా అందలేదు.

నస్పూర్‌లో గని కార్మికుల కాలనీ బడి మాది. టీచర్ ఆదివారం మిషన్ చర్చిలో పాటలు పాడించేవారు, మిగతా రోజులు మాతో లెక్కలు చేయించేవారు. రెండు చోట్లా గొంతు మాత్రం ఒకటే. పదో తరగతిలో ఒకరోజు బోర్డు మీద ఏడు ఒకట్లు వరసగా రాశారు. పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు. "గిది ప్రధాన సంఖ్యనా, కాదా? ఒకటితోని, దానితోని తప్ప ఇంక దేనితోనన్న భాగం పోతదా? సోమారం చెప్పుండ్రి" అన్నారు.

మూడుతో పోలేదు, ఏడుతో పోలేదు. అన్నీ ఒకట్లే కదా, పదకొండుతో పోతుందని ఆశపడ్డాం, అదీ మోసం చేసింది. నేను ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగిస్తూ రెండు వందల ముప్పై మూడు దాకా వెళ్లేసరికి తల తిరిగిపోయింది. సోమవారం క్లాసంతా "ప్రధాన సంఖ్యే" అంది. నేను లేచి, "తెల్వది టీచర్. రెండు వందల ముప్పై మూడు దాక చూసిన. అటెనక చూడలే" అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. టీచర్ జవాబు తేల్చకుండానే బోర్డు తుడిచేశారు. నాకు ఏడుపొచ్చింది. పది అయ్యాక కాలేజీలో లెక్కల గ్రూపు తీసుకోవాలని నా కోరిక. బాపు కుట్టుమిషన్ నేర్పిస్తానంటున్నాడు. ఇక టీచర్ కూడా నా తరఫున మాట్లాడరనుకున్నాను.

ఆ సాయంత్రమే ఆమె మా క్వార్టర్‌కొచ్చారు. "అన్నా, నీ బిడ్డను లెక్కల గ్రూపుల ఎయ్యి" అన్నారు.

బాపు నా మొహం చూశాడు. "జవాబు చెప్పినవా?"

"చెప్పలే బాపు."

"మరి గిదేంది టీచరమ్మా?"

ఆమె సూటిగా చెప్పలేదు. "గనిల పైకప్పు మంచిగున్నదని మీరెట్ల చెప్తరు?" అని ఎదురడిగారు. కప్పు కూలకుండా కర్రలు ఆనించడం బాపు పని.

"కట్టెతోని కొట్టి సప్పుడు ఇంటం. కొట్టని కాడ మంచిగున్నదని నోట రానియ్యం."

"గదే అన్నా" అని, చాయ్ తాగి వెళ్లిపోయారు. బాపుకు ఏమర్థమైందో గానీ నన్ను కాలేజీలో చేర్పించాడు. నాకైతే ఏమీ అర్థం కాలేదు. జవాబు రాని పిల్లకు బహుమతేమిటని సిగ్గేసింది.

డిగ్రీలో ఉండగా ఆ సంఖ్యను మళ్లీ పట్టుకున్నాను. నేను ఆగిన చోటికి తర్వాతి ప్రధాన సంఖ్య, రెండు వందల ముప్పై తొమ్మిది, దాన్ని నిశ్శేషంగా భాగించింది. ఒక్క అడుగు దూరంలో వదిలేశానని తల బాదుకున్నాను. రిటైరైన టీచర్ అప్పుడు లక్సెట్టిపేటలో ఉండేవారు. బస్సెక్కి వెళ్లి, "అది ప్రధాన సంఖ్య కాదు టీచర్. మీకు ముందుగాల్నే ఎరుకే కదా?" అన్నాను.

ఆమె కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని, వేళ్ల మీద లెక్కపెడుతూ గుణించి చూశారు. తర్వాత పకపకా నవ్వారు. "నాకేడ ఎరుక బిడ్డా! నేను గూడ చేసి చేసి పరేషానై ఇడిసిపెట్టిన. మీల ఎవలన్న తేలుస్తరేమోనని బోర్డు మీద రాసిన."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చూసినంతవరకే చెప్పానని నాకు దారి చూపించారా, లేక తనలాగే తెలియదన్న పిల్లను చూసి ముచ్చటపడ్డారా? ఆరోజు అడగలేకపోయాను, ఇప్పుడు ఆమె లేరు. పిల్లలకు లెక్కలు చెప్పుకునే బతుకు నాది. ఈ ఒక్కటి మాత్రం నాకింకా తేలలేదు.

మేస్త్రీ లేచి, "అన్ని మంచిగున్నయి మేడం" అన్నాడు. బీరువా పెట్టే మూల టైల్స్ అతను ఇంకా కొట్టలేదు.

"గవి గూడ కొట్టు తమ్మీ" అని, వినడానికి అక్కడే నేల మీద కూర్చున్నాను.