అరవై లక్షల కారు, చిటికెడు పసుపు: ప్రగతి నగర్ నుంచి హైటెక్ సిటీకి

కాశీకి వెళ్లొచ్చినవాళ్లు ప్రయాణ అనుభవాలు రాస్తారు. నేను ప్రగతి నగర్ నుంచి హైటెక్ సిటీకి వెళ్లొచ్చి రాస్తున్నాను. నాలుగేళ్ల విరామం తర్వాత మా ఆవిడ సుజాతకు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి పిలుపొచ్చింది. పదకొండు గంటలకు ఇంటర్వ్యూ, ఒరిజినల్ సర్టిఫికెట్లు తప్పనిసరి. సరిగ్గా ముందు రోజే మా అరవై లక్షల ఎలక్ట్రిక్ కారు ఇంటికొచ్చింది. ఆటోలో వెళ్తానని ఆమె అంటున్నా వినకుండా, కొత్త కారులోనే దిగాలని పట్టుబట్టింది నేనే. ఇలాంటి కారు కొనే ఆలోచన ఉన్నవాళ్లు ఇక్కణ్ణుంచి జాగ్రత్తగా చదవండి.

ఎనిమిదిన్నరకు మా మామగారు వాహన పూజ చేశారు. ఆయనది తెనాలి. ఇరవై ఏళ్లుగా ఒకే పెట్రోలు కారు నడుపుతున్న మనిషి, ఏ పనీ మొక్కుబడిగా చేయరు. బయటికి వచ్చి ఉన్న నాలుగు తలుపుల హ్యాండిళ్లకూ గంధం, పసుపు కలిపి మందంగా పట్టించి, పైన కుంకుమ అద్దారు. నిమ్మకాయలు తొక్కించి తొమ్మిదింటికి బయల్దేరాం. కారు కదలగానే హ్యాండిళ్లు తలుపుల్లోకి ముడుచుకుపోయాయి. "ఎంత సిగ్గండీ దీనికి!" అని మామగారు మురిసిపోయారు. కూకట్‌పల్లి వైపు నుంచి వెళ్తే దగ్గరే, కానీ ఆయనకు ఇడ్లీ తినిపించాలని మియాపూర్ మీదుగా మదీనాగూడ పట్టాం. దారంతా చప్పుడు లేదు, కుదుపు లేదు. నా గర్వానికి మాత్రం హద్దు లేదు.

టిఫిన్ ముగ్గురికీ కలిపి నూట యాభై అయింది. తిరిగొచ్చేసరికి కారు మమ్మల్ని గుర్తుపట్టి లైట్లు వెలిగించింది, పక్క అద్దాలు విప్పింది. హ్యాండిళ్లు మాత్రం బయటికి రాలేదు. తలుపులకు తాళం పడలేదని ఫోన్‌లో కారు యాప్ చెబుతోంది. సుజాత ఫైలు వెనక సీటు మీద అద్దంలోంచి కనిపిస్తోంది. టైము తొమ్మిదీ యాభై. డిక్కీ తెరిచి దూరబోతే నా పొట్ట సగంలోనే ఆగిపోయింది. కారు కంపెనీకి ఫోన్ చేశాను.

"సార్, లోపలికి వెళ్లి స్క్రీన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అంది అవతలి అమ్మాయి.

"లోపలికి పోగలిగితే నీకెందుకు ఫోన్ చేస్తానమ్మా!" అని అరిచాను. అరవై లక్షలకు ఇదేనా మీ పనితనం అని కూడా కడిగేశాను.

పక్కనే ఇడ్లీ తింటున్న ఆటో డ్రైవర్ యాదగిరి చెయ్యి కడుక్కుని వచ్చాడు. "ఏందన్నా, గిట్ల పరేషాన్ అయితున్నవు? జర పక్కకు జరుగు." హ్యాండిల్ అంచు గోటితో గీకి చూశాడు. "గీ పసుపు ఎవలు పెట్టిన్రు? ఎండకు లోపట సిమెంట్ లెక్క గట్టిగైంది."

అందరం మామగారి వైపు చూశాం. ఆయన ఆకాశం వైపు చూశారు.

యాదగిరి టిఫిన్ సెంటర్ నుంచి వేడినీళ్లు తెచ్చి పోశాడు. మూడో మగ్గుకు హ్యాండిల్ టక్కుమని బయటికొచ్చింది, పెళ్లికూతురి పాదంలా పచ్చగా. మిగతా మూడూ వేడినీళ్లకే లొంగాయి. సుజాత ఫైలు తీసుకుంది. నేను దర్జాగా ముందు తలుపు తెరిచి పట్టుకున్నాను. ఆమె నేరుగా వెళ్లి ఆటో ఎక్కింది.

"అక్కడ దిగేటప్పుడు మళ్లీ అలిగితే? నాకీ ఉద్యోగం కావాలండీ. పోనీ అన్నా!"

పదీ పావుకు కదిలిన ఆటో హఫీజ్‌పేట, కొత్తగూడ మీదుగా పదీ యాభైకల్లా ఆమెను దింపేసింది. కిరాయి రెండొందల యాభై. వెనకాలే వచ్చిన మేము చాలాసేపు కారు దిగలేదు. తలుపులు బాగానే ఉన్నాయి, నాకే ముఖం చెల్లలేదు. ఆమె మాట వినివుంటే ఇదంతా ఉండేది కాదు.

తప్పు కారుదా, మాదా అని వారం నుంచి ఇంట్లో పంచాయితీ. "నా పాత కారుకి ఇరవై ఏళ్లుగా పెడుతున్నానండీ అల్లుడుగారూ, ఒక్కనాడూ అలగలేదు" అంటారు మామగారు. కొనేటప్పుడు ఎన్ని సెకన్లలో వంద దాటుతుందో అడిగాను గానీ, తలుపు ఎలా తెరుచుకుంటుందో అడగలేదు. నిన్న సుజాతకు ఆఫర్ లెటర్ వచ్చింది. సోమవారం చేరాలి. యాదగిరి నంబరు ఆ రోజే తీసుకుందట. మామగారు సంతోషం పట్టలేక పసుపు గిన్నెతో కారు వైపు నడిచారు. ఆయన దగ్గరికి చేరేలోపే నాలుగు హ్యాండిళ్లూ ఒక్కసారిగా లోపలికి పోయాయి. జేబులో కారు తాళం బటన్ నొక్కింది నేనేనని ఆయనకు ఇంకా తెలియదు.

మీకు నా సలహా ఒక్కటే. పూజ నిండుగా చేయించండి, బొట్టు మాత్రం బానెట్‌కు పెట్టించండి.