మూడు వేళ్ళ తోలు

నేను చెప్పులు కుట్టేవాణ్ణి. అక్షరాలు యాభై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను కాబట్టి తిప్పి తిప్పి రాయడం నాకు చేతకాదు. ఇది నేను చేసిన ఒక తప్పు సంగతి.

భవానీపురంలో మా కొట్టుకి రెండు వీధుల అవతల బడిలో ఆటలు నేర్పే టీచరమ్మ ఉంది. ముప్పై దాటిన మనిషి. పిల్లలకి కబడ్డీ నేర్పుతూ తను మాత్రం విల్లు పట్టుకుంది. ఒక గురువారం మధ్యాహ్నం వచ్చి, నా ముందు స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ చాపింది. కుడిచేతి మూడు వేళ్ళ కొసలకీ బొబ్బలు. ఎడమ ముంజేయి లోపలి వైపు నల్లగా కమిలిపోయింది.

"ఎవరు కొట్టారమ్మా?"

"వింటి తాడండి. వదిలినప్పుడల్లా ఒకటి ఇచ్చి పోతుంది. వేళ్ళకి వేసుకునే తోలు చిరిగిపోయింది బాబాయ్ గారూ. కొత్తదాని పార్సిలు వచ్చేవారం గానీ రాదంట. ఆదివారం పొద్దున జిల్లా జట్టుకి ఎంపికలు. ఉత్త వేళ్ళతో అయితే పది బాణాలు కూడా వెయ్యలేను."

"ఏం వేటకమ్మా ఇదంతా?"

"కాయితం వేటండి. అది కదలదు. నేనే కదిలిపోతుంటాను."

నాకు ఆవిడ నచ్చింది. కుట్టి ఇస్తానన్నాను.

తాడు తగలకుండా ముంజేతికి కట్టుకునే పట్టా కూడా అడిగింది, అది పెద్ద పని కాదు. దళసరి తోలు, నాలుగు కన్నాలు, ఒక లేసు. వేళ్ళ ముక్కే కొత్త. అరచేయంత కూడా ఉండదు. నడివేలు దూర్చుకోవడానికి ఒక కన్నం, బాణం కూర్చోవడానికి చూపుడువేలి పక్కన ఒక చీలిక. గరుకు వైపు వేళ్ళకి ఉండాలి, నునుపు వైపు తాడుకి. తాడు జారిపోతేనే బాణం సూటిగా పోతుంది. ఇది ఆవిడ రెండుసార్లు చెప్పింది, నేను రెండుసార్లూ తలూపాను. చిరిగిన ముక్క ఆవిడ చేతికి ఎలాగూ పెద్దదే కాబట్టి కొత్తగా కొలత తీశాను. బొబ్బలు బల్లకి తగిలితే మంటగా ఉందని ఆవిడ చెయ్యి వెల్లకిలా పెట్టింది. కింద కాయితం వేసి చుట్టూ పెన్సిలుతో గీత గీశాను.

శనివారం మధ్యాహ్నం విల్లు పట్టుకుని వచ్చింది. పట్టా బాగా కుదిరింది. తోలు ముక్క వేలికి దూర్చుకుని, తిప్పి చూసి, మళ్ళీ తిప్పి చూసింది.

"బాబాయ్ గారూ, ఇది ఎడమచేతిదండి."

"అదెట్లాగమ్మా, నీ కుడిచేతి గీతే కదా."

"చీలిక నా చూపుడువేలి పక్కకి రావాలంటే గరుకు తాడు వైపుకి వస్తోంది. చూడండి, పట్టేస్తోంది."

తాడు కొంచెం లాగి చూపించింది. పట్టేసింది.

అప్పుడు అర్థమైంది. మేము తోలు మీద గీతలు ఎప్పుడూ గరుకు వైపే గీస్తాం, నునుపు మీద మరక పడకూడదని. వెల్లకిలా గీసిన చెయ్యి గరుకు మీద పెట్టి కోస్తే తిరగబడుతుంది. చెప్పులకైతే ఆ గొడవే లేదు. ఒక్క కాయితంతో ఒక కాలిది కోసి, అదే తిరగేసి రెండో కాలిది కోస్తాం. ఏది ముందు తెగినా రెండోది దాని జత. నలభై ఏళ్ళలో నేను కుడి ఎడమల తేడా ఉండే ఒంటి వస్తువు కొయ్యలేదు.

పక్కన కూర్చుని చెప్పు వారు కుడుతున్న మా ఆవిడ తలెత్తకుండా అంది. "ఇంకో చెయ్యి మొలిపించుకోమను, జత సరిపోతుంది."

టీచరమ్మ నవ్వలేదు. వేళ్ళ కొసలు చూసుకుంటూ, "పోనీలెండి, ఇంకో ఏడాది చూద్దాం," అంది. ఆ పోనీలెండి నాకు గుచ్చుకుంది.

ఇంకోటి కొయ్యడం ఎంతసేపు? తోలే లేదు. మెత్తటి మేకతోలు ఆ ముక్కతో అయిపోయింది. ఉన్నదంతా చెప్పుల అట్టల్లా బిగుసుకున్న తోలు. అది వేళ్ళకి అలవాటు పడాలంటే నెల పడుతుంది, ఆవిడకి ఉన్నది ఒక్క పూట.

నా చూపు గోడకి తగిలించిన సంచి మీద పడింది. పెళ్ళైన కొత్తలో మా ఆవిడకి కుట్టినది. కంకిపాడులో వాళ్ళ చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడల్లా చంకన వేసుకుపోతుంది. మూతకి వేసిన మేకతోలు ఇన్నేళ్ళకి చెవితమ్మెలా అయింది.

"ఏవయ్యా, దాని వంక చూడకు," అంది మా ఆవిడ.

"మూత ఒక్కటే."

"నువ్వు నాకు కుట్టిచ్చింది అదొక్కటే."

ఆ మాట నిజం. ఆవిడ కాసేపు టీచరమ్మ వేళ్ళ వంక చూసింది. లేచి సంచి తీసి, లోపలున్న తమలపాకులూ, బస్సు టికెట్లూ, విరిగిన దువ్వెనా బల్ల మీద గుమ్మరించి, కత్తెరతో తనే మూత కోసింది.

"ఈసారి నేను చూస్తుండగా కొయ్యి."

ఈసారి గీత నునుపు మీద గీశాను. మరక పడితే పడనీ అనుకున్నాను. కోసి, అంచులు గీకి, ఆముదం రాసి ఇచ్చాను. టీచరమ్మ వేసుకుని తాడు సగం దాకా లాగి, మెల్లగా వెనక్కి తెచ్చింది. మళ్ళీ లాగింది.

"ఉన్నట్టే లేదండి," అంది. నా పనికి అంతకంటే మంచి మాట ఎవరూ అనలేదు.

ఆదివారం మూడు గంటలకి కొట్టుకొచ్చింది. ముఖం చూసి చెప్పడానికి లేకుండా ఎండకి మాడిపోయి ఉంది.

"ఏమైంది?" అన్నాను.

"తీసుకున్నారండి. ఆఖరి పేరు నాదే."

"ఆఖరైతేనేం, జట్టులో ఉన్నావుగా."

మా ఆవిడ నన్ను పక్కకి నెట్టి ఆవిడ చెయ్యి పట్టుకుని, ఒక్కో వేలూ తిప్పి చూసింది. పాత బొబ్బలు ఎండుతున్నాయి, కొత్తవి లేవు. మజ్జిగ తాగి పొమ్మని కూర్చోబెట్టి, నా వైపు తిరిగింది.

"మూత లేకుండా నేను కంకిపాడు ఎట్లా పోతాను? రేపు తోలు తీసుకురా."