వెండి పళ్లెం మీది రాజు

మా డ్రాయింగు టీచరమ్మ గారు పోయారని కార్ఖానా పేట నుంచి వచ్చే పాలవాడు చెప్పాడు. నేను సమాధుల తోట చేరేసరికి కాంట్రాక్టరు గారు అప్పటికే పెద్ద పూలదండతో ఉన్నారు. ఆమె ఉద్యోగం ఊడగొట్టిన ఆ నోటితోనే ఆమె కళాసేవను పొగిడారు. అందుకే జరిగింది పాఠకులకు చెప్పాలనిపించింది.

బందరు వైపు క్రైస్తవ కుటుంబం ఆమెది. మెత్తని మనిషి కారు. చిన్నప్పుడు సికిందరాబాదు బడిలో నేను గీసిన గుర్రాన్ని చూసి, "దీనికి గడ్డి వేస్తే తింటుందా? మళ్లీ గీయి," అన్నారు. తర్వాత అదే బడిలో నేను లెక్కల మాస్టరునయ్యాను.

కాంట్రాక్టరు గారు మా బడి కమిటీ పెద్ద. నిజాం అధికారుల ముందు కుచ్చున్న ఎర్ర రూమీ టోపీ పెట్టేవారు. పోలీసు చర్య ముగిసీ ముగియగానే ఖద్దరు టోపీకి మారారు. ఊరు విడిచిపోతున్న ఒక నవాబుల కుటుంబం నుంచి పాత వెండి పళ్లెం ఒకటి ఆయన చేతికి చిక్కింది. దాన్ని బడికే తెచ్చారు. దాని మీద చెక్కిన బొమ్మలో, పరుగెత్తే గుర్రం మీద కిరీటం పెట్టుకున్న రాజు వెనక్కి తిరిగి సింహానికి బాణం గురిపెట్టాడు. ఆ బొమ్మలకు పలుచని బంగారు పూత.

"టీచరమ్మా, ఈ నవాబు మొఖం జెర గీకేసి భారతమాత మొఖం చెక్కియ్యుండ్రి. కొత్త సాబుకు కానుకియ్యాలె."

"ఈయన నవాబు కాదండీ. ఇరాన్ రాజు. ఇస్లాం పుట్టకముందటి వాడు."

"ఎవడైతే ఏందీ? టోపీ సుత గట్లనే ఉన్నది గదా!"

"టోపీలు మార్చడం మీకు అలవాటు. ఆయనకు లేదు," అంటూ ఆమె పళ్లెం ఆయన చేతిలో పెట్టేశారు.

వేసవి సెలవులు కాగానే, బడికి డ్రాయింగు అక్కరలేదని కమిటీ తేల్చింది. ఎన్నో వందల ఏళ్లు నిలిచిన పళ్లెం కంసాలి కొలిమిలో కరిగి గ్లాసులైంది. సన్మాన సభలో కొత్త అధికారి వాటిలో ఒక గ్లాసుతో షర్బత్ తాగి, బాగా తియ్యగా ఉందన్నారట. ఆ పళ్లేనికి దక్కిన మర్యాద అది.

"మీకు కోపం రాలేదా?" అని ఆమెను అడిగాను.

"కోపం తెచ్చుకోవడానికి ఎదటివాడు ఆ పాటి మనిషై ఉండాలి కదా, నాయనా."

ఆ తర్వాత కార్ఖానాలో తన అద్దె గది అరుగు మీదే ఆ వీధి పిల్లలకు బొమ్మలు నేర్పారు. ఆఖరుసారి నేను వెళ్లినప్పుడు, వీధిలో ఆగిన బండి ఎద్దును గీయిస్తున్నారు.

"అమ్మా, జెల్ది కానియ్యుండ్రి, బోయిన్‌పల్లి పోవాలె," అన్నాడు బండివాడు.

"ఒక్క నిమిషం ఆగవయ్యా, ఇంకా కొమ్ములున్నాయి."

అతను పగ్గం వదులు చేసి నిలబడ్డాడు. పిల్లలందరూ తలలెత్తి కొమ్ముల కేసి చూస్తున్నారు.