బంద్ రోజున బండ మాట

బంద్ రోజున నిజాంపేట నుంచి హైటెక్ సిటీకి బయలుదేరడానికి కారణం నా మొండితనమే. మా ఆఫీసు ప్యాంట్రీలో ఓసారి మంట లేచింది. హౌస్‌కీపింగ్ వాళ్ళందరి దగ్గరా శిక్షణ సర్టిఫికెట్లున్నాయి, కానీ మంటలార్పే సిలిండర్‌ను ఒక్కరూ ముట్టలేదు. మూడు గంటల ఇంగ్లీషు వీడియో చూస్తే ఎవరికి మాత్రం ఏం గుర్తుంటుంది? మెదడు కొత్త సంగతిని కొద్దికొద్దిగానే పట్టుకుంటుంది, విరామమిచ్చి మళ్ళీ అడిగితేనే నిలుపుకుంటుంది. అందుకే తెలుగులో నాలుగేసి నిమిషాల ఆన్‌లైన్ పాఠాలు తయారుచేశాను. వాళ్ళు మొదటి పాఠం విని ఆ రోజుకు సరిగ్గా వారం. ఆ మధ్యాహ్నమే పరీక్ష, అందులో తప్పితే మళ్ళీ పాత వీడియోనే అని మేనేజరు తేల్చేశారు. తెలంగాణ కోసం బంద్ పిలుపు కూడా ఆ రోజుకే వచ్చింది.

ఎనిమిదింటికి బయటికొస్తే బస్సుల్లేవు. మామూలుగా ఎనభై తీసుకునే ఆటోకు నూటయాభై ఒప్పుకుని ఎక్కాను. నిజాంపేట చౌరస్తా దాటగానే నడిరోడ్డు మీద వంటావార్పు. నిరసనగా అక్కడే పొయ్యి పెట్టి, అక్కడే వండుకుని తింటున్నారు. "జర ఆగాలె మేడం. అన్నం ఉడికినంక దారిస్తరట," అన్నాడు డ్రైవరు. పొయ్యి దగ్గర పెద్దావిడ పొగకు కళ్ళు తుడుచుకుంటోంది. నాకు ఊరుకోవడం చేతకాదు. ఆటో దిగి వెళ్ళి, "ఎందుకండీ ఈ అవస్థ, బండ తెచ్చుకోకపోయారా?" అన్నాను. మా గుడివాడలో గ్యాస్ సిలిండర్‌ను బండ అంటాం.

ఆవిడ నన్నూ పొయ్యినీ మార్చి మార్చి చూసింది. "మూడు బండలు వెట్టినం గదమ్మా. ఇంకో బండ ఏడ వెట్టాలె?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆవిడకు బండంటే పొయ్యి రాయని నాకప్పుడు వెలిగింది. మంటలార్పే సిలిండర్ గురించి నా పాఠంలో మొదటి వాక్యమే 'ఎర్ర బండ తీసుకోండి'. ఆవిడ పెట్టిన అన్నం, పచ్చిపులుసు ఆదరాబాదరాగా తిని ఆటో ఎక్కాను. హైటెక్ సిటీ రైల్వే స్టేషన్ వంతెన దగ్గర మళ్ళీ ఆపేశారు. అక్కడి నుంచి నలభై నిమిషాలు నడక.

పదకొండింటికి చేరీ చేరగానే, మా అంతస్తు శుభ్రం చేసే యాదమ్మను పట్టుకుని మంటొస్తే ఏం చేస్తావని అడిగాను. ఆమెది జనగామ వైపు.

"పాఠంల బండ తియ్యమన్నరు మేడం. మేం రోజూ తుడిచే బండలే గదా, సిమెంటుతోని అతికిచ్చిన్రు. ఎట్ల తీస్తం?"

"మరి ఆ రోజే అడగలేదేం?"

"పెద్ద సదువులోల్లు చెప్పిన్రు, ఏదో ఉంటదనుకున్న."

సిగ్గేసింది. తెలియని మాటయితే ఆగి అడిగేది. తెలిసిన మాటే కావడంతో మెదడు ఆమెను తిన్నగా నేలబండ దగ్గరికి తీసుకుపోయింది. అప్పటికప్పుడు ఆ పాఠం చెరిపేసి, ఆమె మాటల్లో, ఆమె గొంతుతోనే రికార్డు చేసి అందరికీ వినిపించాను. "ఎర్ర సిలిండర్ తియ్యి. పిన్ను గుంజు." పరీక్షను నాలుగింటికి జరపమని మేనేజరును అడిగి, ఆయన ఒప్పుకునేదాకా కదల్లేదు.

నాలుగింటికి ఒక్కొక్కరినే పిలిచి 'ప్యాంట్రీలో మంట' అని మాత్రమే అన్నాం. పన్నెండు మందీ తిన్నగా సిలిండర్ దగ్గరికే వెళ్ళారు. ఆఖరున యాదమ్మ దాన్ని ఎత్తి, పిన్ను మీద వేలు పెట్టి, "గుంజాల్నా సార్?" అంది. "వద్దమ్మా, వద్దు," అంటూ మేనేజరు రెండడుగులు వెనక్కి వేశారు. పాత వీడియో మాట మళ్ళీ ఎత్తలేదు.

మెదడు గురించి నేను చదివిందంతా నిజమే. అయితే అది ఎవరి మెదడో, అందులో ఏ మాట ముందే స్థిరపడి ఉందో చూసుకోలేదు. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండీ పక్కవాళ్ళ మాట వినలేదని ఆ పొయ్యి దగ్గరే నాకు తెలిసింది. ఇప్పుడు నేనూ పిన్ను గుంజుతాను, లాగను. మీరూ బంద్ రోజున ఇటు రావాల్సి వస్తే ఏడింటికే బయలుదేరండి, నడకకు పనికొచ్చే చెప్పులు వేసుకోండి. దారిలో వంటావార్పు కనిపిస్తే ఆటోలోనే కూర్చోకండి, దిగి నాలుగు మాటలు మాట్లాడండి.