రెండు ల్యాబుల రిపోర్టు

మా బావ, అంటే నా మొగుడు, మేనత్త కొడుకు. భీమవరం దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయి. బావ దేవుడు చెప్పినా నమ్మడు, ల్యాబ్ చెబితే నమ్ముతాడు. అదీ రెండు ల్యాబులు చెబితేనే. రొయ్యపిల్లల్ని చెరువులో వదిలే ముందు రెండు చోట్ల పరీక్ష చేయిస్తాడు. ఏ ఒక్కదాంట్లో జబ్బుందని వచ్చినా ఆ పిల్లలు వద్దనేస్తాడు. రిపోర్టు రాగానే ఫోన్లో నాకు చూపించడం అలవాటు.

నాకు రెండో నెలలో రక్తపరీక్ష చేసి తలసేమియా క్యారియర్ అన్నారు. ఆసుపత్రిలో కౌన్సెలర్ అమ్మాయి కాగితం మీద గీసి మరీ చెప్పింది.

"మీకేం భయం లేదండి. మీవారికీ ఇదే ఉంటే మాత్రం బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అప్పుడు నెలనెలా రక్తం ఎక్కించాలి. మేనరికం అంటున్నారు కదా, ఆయన పరీక్ష తొందరగా చేయించండి."

ఇద్దరికీ ఉంటే మూడో నెలలో కడుపులో బిడ్డకు పరీక్ష చేస్తారట. ఆ తర్వాత ఉంచుకోవడమా మానడమా అన్నది మా ఇష్టమట.

ఇంటికొచ్చి చెబితే అత్తయ్య మొహం చిట్లించింది. "అంతా మీ పుట్టింటి రక్తమే" అంది. మా పుట్టిల్లు ఆవిడకీ పుట్టిల్లే. ఆ సంగతి గుర్తు చేసినందుకు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

బావ రక్తం ఇచ్చొచ్చాడు. నాలుగు రోజుల తర్వాత "నార్మలే" అన్నాడు.

"ఏదీ, చూపించు."

"ల్యాబ్‌లోనే ఉండిపోయింది. ఏంటి, నా మీద నమ్మకం లేదా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది. రొయ్యపిల్లల రిపోర్టు చూపించే మనిషి తన రిపోర్టు ఎందుకు చూపించడు? మూడో నెల వచ్చేసింది.

మర్నాడు క్యారేజీ ఇచ్చే వంకతో చెరువు గట్టు మీది షెడ్డుకు వెళ్లాను. ల్యాబ్ కాగితాలు దాచే ఫైలు తీశాను. రొయ్యపిల్లల రిపోర్టుల మధ్య బావ పేరుతో రెండున్నాయి, రెండు ల్యాబులవి. రెంటిలోనూ క్యారియర్ అనే ఉంది.

తలెత్తితే బావ గుమ్మంలో ఉన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"గడువు దాటేదాకా దాచేద్దామనుకున్నావా బావా?"

"చూస్తే నువ్వు తీయించేసుకుంటావేమోనని భయమేసిందే."

"జబ్బంటే వద్దనేది నువ్వా, నేనా?"

"అవి రొయ్యలే" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

విశాఖపట్నం వెళ్లి బిడ్డకు పరీక్ష చేయించాం. రిపోర్టు వచ్చేదాకా ఒకరి మొహం ఒకరం సరిగా చూసుకోలేదు. బిడ్డ మాలాగే క్యారియర్, జబ్బు లేదు అన్నారు. బావ ఏడ్చేసి, కళ్లు తుడుచుకుని, "ఇంకో ల్యాబ్‌లో కూడా చూపిద్దామాండి?" అని డాక్టరు గారిని అడిగాడు.

ఇప్పుడు పాపకు నాలుగేళ్లు. రిపోర్టు వేరేగా వచ్చుంటే ఏం చేసేదానివని బావ ఇంతవరకూ అడగలేదు. అడగడు కూడా. ఆ రోజు ఆయన్ని దొంగలా పట్టుకుని అంత గొడవ చేశాను గానీ, ఆయన అనుమానం నిజమే. వద్దనడానికి సిద్ధపడే నేను విశాఖపట్నం బస్సెక్కాను.