సువార్తమ్మ కత్తిపీట

ఉద్యోగం చాలించడానికి ముందు ఏడాది, ఏప్రిల్ మొదటి వారంలో నన్ను నూజివీడు ఏరియాకు వేశారు. జిగుర్లు తయారుచేసే కంపెనీలో నేను టెక్నికల్ సర్వీస్ ఆఫీసర్ని. ఏరియా మేనేజర్‌కి ఒక మెట్టు కింద, సేల్స్ వాళ్లకి ఒక మెట్టు పైన. సరుకు అమ్మడం నా పని కాదు. అంటుకోనిచోట ఎందుకు అంటుకోలేదో తేల్చడం నా పని. తప్పు వాడినవాళ్లదేనని తేల్చడంలో నాకు మంచి పేరుండేది.

ఆ బుధవారం ఒక హార్డ్‌వేర్ షాపు ముందు షామియానా కింద వడ్రంగులకు డెమో ఇస్తున్నాను. ఊడిన కుర్చీ కాలికి తెల్ల జిగురు చాలు, తడి తగిలేచోట మాత్రం వద్దు. క్షణంలో పట్టే చుక్కల గమ్ము పింగాణీ బొమ్మకు సరే, దెబ్బ పడితే పెళుసుగా విరుగుతుంది. తడీ దెబ్బా రెండూ ఉంటే, రెండు ట్యూబులు కలిపి రాసే ఎపాక్సీ. అంతవరకూ చెప్పేసరికి సువార్తమ్మ వచ్చి నా బల్ల మీద కత్తిపీట దించింది. సీజన్లో ఇంటింటికీ వెళ్లి ఆవకాయకు కాయలు కొట్టిపెట్టే మనిషి. పీట చెక్క నిలువునా చీలింది.

"శనివారం మూడిళ్లకి మాటిచ్చానండి. నేను పోకపోతే ఇంకోళ్లని పిలుచుకుంటారు. ఒకసారి పిలిచాక ఇక ఆ ఇళ్లు నాయి కావు" అంది.

బోల్టులు కూడా వేస్తే మంచిదని వీరాచారి గారనే పెద్ద వడ్రంగి అన్నారు. జిగురు తెలియనివాళ్లకే బోల్టులు కావాలని నేను అందరి ముందూ వాదించాను. ఎపాక్సీ కలిపి, రాసి, క్లాంపులు బిగించి, ఇరవైనాలుగు గంటలు ముట్టుకోవద్దన్నాను.

గురువారం సాయంత్రం అదే షామియానా కింద, వడ్రంగులంతా చూస్తుండగా, తొలి కాయకే పీట మళ్లీ రెండైంది.

"మీ గమ్ము చెక్కని కనీసం పలకరించలేదండీ" అంది సువార్తమ్మ.

చెక్క చీలిన రెండు వైపులూ చూశాను. చెక్క నారలు చిరిగి వస్తే జిగురు తన పని చేసినట్టు. ఇవి నున్నగా ఊడాయి, అంటే మధ్యలో ఏదో అడ్డుపడింది. పీటకి ఏం రాస్తావని అడిగాను.

"సీజన్ అయ్యాక కడిగి, ఆరబెట్టి, నువ్వులనూనె పట్టిస్తానండి. మా అత్త నేర్పింది. లేపోతే ఎండిపోయి పగులుద్దిగా."

"మరి నిన్న చెప్పలేదేం?"

"మీరు అడిగితేగా. మీరు చెప్తానే ఉన్నారు."

వడ్రంగులు పడీపడీ నవ్వారు. వాళ్లకంటే నేనే ఎక్కువ నవ్వాను.

ఏళ్లతరబడి నూనె తాగిన చెక్క మీద ఏ జిగురూ నిలవదు. వీరాచారి గారు ఆ చీలిన వైపులను కొత్త చెక్క తేలేదాకా చిత్రిక పట్టారు. నేను థిన్నర్‌తో తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, కాయ తగలని లోపలి భాగంలోనే ఎపాక్సీ రాశాను. ఆయన రెండు బోల్టులు తీసి బిగిస్తుంటే, ఈసారి పీట కదలకుండా నేనే పట్టుకున్నాను.

శనివారం నేనూ ఆమె వెంట వెళ్లాను. మూడిళ్లలోనూ కాయలన్నీ టెంకతో సహా ఠపీమని పగిలాయి. పీట కదల్లేదు. మూడో ఇంటి ఆవిడ ఆవపిండి చేతులతోనే, వచ్చే ఏడు కూడా నువ్వే రావాలని సువార్తమ్మకి చెప్పింది.

ఆ వారం రిపోర్టులో 'కారణం' అన్న గడిలో, ఎప్పుడూ రాసే 'వాడకంలో లోపం' బదులు 'అధికారి విచారణలో లోపం' అని రాసి సంతకం పెట్టాను. ఏ జిగురు అన్నది రెండో ప్రశ్న. ఆ వస్తువుకి ఇన్నాళ్లూ ఏం పూస్తూ వచ్చారన్నది మొదటిది. దానికి జవాబు వాడేవాళ్ల దగ్గరే ఉంటుంది.